పసుపుదారం కట్టిన చేప

లవణపురి రాజ్యానికి తూర్పు హద్దు మహాసముద్రమే అయినా, ఆ తీరంలోని బెస్తవాళ్లలో సగంమంది సముద్రం మీదికి వెళ్లి ఎరగరు. వాళ్లకు కొంగుపాయ చాలు. ఉత్తరాన ఏనుగు తొండంలా సాగిన నల్లకొండ, దక్షిణాన మొగలిపొదలు కమ్మిన ఇసుకతిన్నె, రెండూ ఒకదాని కోసం ఒకటి చేతులు చాచి అందీ అందకుండా ఆగిపోయిన చోట సముద్రంలోకి తెరుచుకునే సన్నని మొగ ఉంది. ఆ మొగ లోపల పరుచుకున్న ఉప్పునీటి పాయే కొంగుపాయ. మొగ బయట కెరటాలు తాటిచెట్టంత లేచి విరుగుతున్నా, లోపలి నీరు మాత్రం నిద్రపోతున్న పసివాడి పొట్టలా మెల్లగా పొంగి మెల్లగా దిగుతుంది. పొద్దు పొడిచే వేళ ముత్యపుచిప్ప లోపలి రంగులన్నీ ఆ నీటి మీద పరుచుకుంటాయి. మడచెట్ల వేళ్ల సందుల్లో కొంగలు తెల్లని దీపాల్లా నిలబడతాయి. ఆ సొగసు చూడడానికీ, గాలం వేట సరదా తీర్చుకోవడానికీ దేశదేశాల దొరలు, వర్తకులు అక్కడికి వచ్చి పడవలు కుదుర్చుకుంటారు. పొద్దున్నే బయలుదేరి, ఎండ ముదరకముందే బుట్టలు నింపుకుని తిరిగి వస్తారు.

ఆ ఉదయం పాయలోకి సాగిన పడవల్లో ఒకదానిలో ముగ్గురున్నారు. వెనక చుక్కాని పట్టుకున్న ముసలివాడు ఓలేసు. ఆ పడవ అతనిదే. మధ్యన మెత్త మీద కూర్చుని గాలం వేసినవాడు రత్నగుప్తుడనే దీవుల వర్తకుడు. చాలా పొద్దులుగా రోజూ వస్తున్నాడు. ముందు కూర్చుని తెడ్డు వేస్తున్న కూలివాడు పైడి.

పైడి అసలు పేరు విభాకరుడు. కేతకీపుర యువరాజు.

ధూమనేత్రుడనే మాంత్రికుడు అతని తమ్ముడు చారుకేతుణ్ణి చేపగా మార్చి, రాగిచెంబులో వేసుకుని ఈ తీరం వెంట పోతుండగా, చేప చెంబులోంచి ఎగిరి కొంగుపాయలో పడింది. రాజకుమారుడి నెత్తురుతో దీపం వెలిగిస్తే ధూమనేత్రుడికి మరో నూరేళ్ల ఆయుష్షు. అందుచేత వాడు వదలడు. అయితే వాడి విద్యలో ఒక లోపం ఉంది. తాను మార్చిన రూపాన్ని తానే గుర్తుపట్టలేడు. విభాకరుడు గుర్తుపట్టగలడు. చారుకేతుడు పసితనంలో మేడమెట్ల మీది నుంచి దొర్లిపడినప్పుడు ఎడమ కనుబొమ మీద తగిలిన దెబ్బ తాలూకు మచ్చ చేపరూపంలోనూ చెరగదని నల్లకొండ యోగిని చెప్పింది. ఆ చేపను దోసిట్లోకి తీసుకుని, దోసిలి ఉప్పునీట్లో ముంచి, పేరు పెట్టి పిలిస్తే తమ్ముడు మళ్లీ తమ్ముడవుతాడు. రెండు చేతులూ కలవాలి. ఒంటిచేత్తో జరగదు. ఆవేశపడి మాంత్రికుణ్ణి చంపితే మాత్రం చేప ఎప్పటికీ చేపగానే ఉండిపోతుందని కూడా ఆమె హెచ్చరించింది.

అందుకే విభాకరుడు కిరీటం తీసి పాత తలగుడ్డ చుట్టుకున్నాడు. రేవులో కూలివాళ్లు అంతమంది ఉండగా రత్నగుప్తుడు మొదటిరోజే తనను వేలు పెట్టి చూపి, "ఈ కుర్రవాడే కావాలి" అన్నప్పుడు, అది తన అదృష్టమనుకున్నాడు.

"ఏటి సావుకారు బాబూ, ఇంకా గాలం మునగనేదు? సేతికి అత్తరేటైనా రాసుకొచ్చినారా? సేపకి అత్తరు పడదు," అన్నాడు ఓలేసు.

"అత్తరు కాదు ఓలేసూ, గంధం."

"గంధమైతే మరీ నయ్యం. పెల్లికి పిలిసినారనుకుని సిగ్గుపడి పోతాయి." ముసలివాడు బోసినోటితో నవ్వి, ముందువైపు కేకేశాడు. "ఒరే పైడీ! తెడ్డు అలా బాదీకురా. నీల్లు నిన్నేటన్నాయని కొడతన్నావు?"

"పొరపాటయిపోనాది తాతా."

"నీకెవరున్నారు పైడీ, ఇంటి దగ్గర?" వర్తకుడు గాలం మీది నుంచి చూపు తిప్పకుండానే అడిగాడు.

"ఎవులూ నేరు బాబూ." విభాకరుడు నీళ్లలోకి చూస్తూ అన్నాడు.

అంతలో తాడు సర్రున బిగిసింది. వర్తకుడు తొందర లేకుండా లాగాడు. నీటి మీద వెండి పగిలినట్టు మెరిసి, జానెడు కొయ్యింగచేప ఒకటి ఎగిరి పడవలో పడింది. ముల్లు పెదవికి గుచ్చుకుని ఉంది. అది కొట్టుకుంటూ, తడి చెక్క మీద ఒక్కసారి పక్కకు తిరిగింది. ఎడమ కంటిపైన, పొలుసులు లేని చోట, సన్నని తెల్లని గీత.

తెడ్డు విభాకరుడి చేతిలో ఆగిపోయింది.

"తొలిసేప!" అంటూ ఓలేసు చుక్కాని వదిలి వచ్చి చేపకు రెండు చేతులూ జోడించాడు. కొంగుపాయలో ప్రతి వేటకూ తొలిచేప సముద్రపుతల్లిది. దాన్ని బుట్టలో వెయ్యరు. తోక మొదట్లో పసుపుదారం కట్టి తిరిగి నీళ్లలో వదులుతారు. ఆ దారం ఉన్న చేప ఎవరి వలలో పడినా, ఎవరి గాలానికి తగిలినా, దండం పెట్టి వదలవలసిందే. ఊళ్లో పొయ్యి వెలగని రోజున కూడా ఆ కట్టడిని ఎవరూ దాటరు.

ఓలేసు ముల్లు విప్పి, రొంటిన ఉన్న పసుపుదారం తీశాడు.

విభాకరుడు తెడ్డు పడేసి పడవ మధ్యకు వచ్చాడు. "తాతా, ఇలాగియ్యి. నానొగ్గుతాను."

"నువ్వా? ఎనక్కి జరగరా. ఊరికి కొత్తోడివి. తల్లి సేపని పడవ పెద్దే ఒగ్గాల."

"ఒక్కసారి తాతా. నీల్లలో పెట్టి ఒగ్గేత్తాను. నీకు దండవెడతాను."

"ఏటిరా నీ గోల? ముందు సేతులు తియ్యి. పైవోడి సెయ్యి తగిల్తే తల్లికి కోపమొత్తాది. రేపట్నించి నా పడవకి ఒక్క పీత పడదు."

విభాకరుడి రెండు చేతులూ దోసిలి పట్టినట్టే గాలిలో ఉండిపోయాయి. వాటికి మూరెడు దూరంలో తమ్ముడు నోరు తెరిచి మూస్తున్నాడు. ముసలివాణ్ణి నెట్టి లాక్కోవచ్చు. పెనుగులాటలో ఆ గరుకు వేళ్లు బిగుసుకుంటే జానెడు ప్రాణం ఏమవుతుందో తెలియదు. ఓలేసు భక్తిగా ముడి వేసి, దారం కొస పంటితో తెంపి, పడవ అంచు మీదుగా వంగి చేపను నీళ్లలో వదిలాడు. పచ్చని నాచు మధ్య పసుపుచుక్క ఒకటి మెరుస్తూ దూరమయింది.

"ఎంత మంచి ఆచారం!" అన్నాడు రత్నగుప్తుడు. అతని గొంతు మారింది. "వేల చేపల్లో ఒక్కదానికి గుర్తు కట్టి మరీ నాకు చూపించారు."

అతని ఒంటి మీది పట్టుబట్టలు పొగలా విడిపోయాయి. మెత్త మీద బూడిదరంగు జడలతో, కనుగుడ్ల స్థానంలో రెండు పొగసుడులతో కూర్చున్నవాడు ధూమనేత్రుడు.

"ఇన్ని పొద్దులూ నేను గాలం వైపు చూశాననుకున్నావా యువరాజా? నీ ముఖం వైపు చూశాను. చేప పైకి వచ్చిన ప్రతిసారీ నీ ముఖంలో ఒక ఆశ పుట్టేది, వెంటనే చచ్చేది. ఇవాళ చావలేదు."

"ఓరి నాయనో!" ఓలేసు తెడ్డు ఎత్తాడు. మాంత్రికుడు వేలు చూపించాడు. ఎత్తిన తెడ్డుతో సహా ముసలివాడు కొయ్యబొమ్మ అయిపోయాడు. బోసినోరు కూడా కొయ్యలో అచ్చుపడింది.

విభాకరుడి మొలలో కత్తి ఉంది. అది సగం దాకా బయటికి వచ్చింది. ధూమనేత్రుడు మెడ చాచి, "పొడువు, పొడువు. నీ తమ్ముడు జీవితాంతం నాచు మేస్తాడు," అన్నాడు. కత్తి ఆగిన చోటే ఆగింది. ఆ లోగా వాడి జడలు ఈకలయ్యాయి, ముక్కు కొడవలిలా సాగింది. తెరచాపంత రెక్కలున్న నీటికాకి ఒకటి పడవను తలకిందులు చేసేటంత ఊపుతో ఎగిరి, పసుపుచుక్క వెంట నీళ్లలోకి దూకింది.

విభాకరుడు వెనక దూకాడు.

నీటి అడుగున పచ్చని వెలుగు. నాచుపోగులు ముఖానికి చుట్టుకుంటున్నాయి. ముందు పసుపుచుక్క, దాని వెనక నల్లని నీడ, ఆ వెనక అతను. నీడ ముక్కు సాచిన ప్రతిసారీ చుక్క పక్కకు తప్పుకుంటోంది. ఆలిచిప్పల బండల మధ్య ఇరుకులో పక్షి రెక్క తగులుకుని ఒక్క గుక్కసేపు ఆగింది. చేప మడచెట్ల వేళ్లలోకి దూరింది. అక్కడ నీరు మోకాలి లోతు. విభాకరుడు చిప్పల అంచులకు ఒళ్లు చీరుకుంటూ వచ్చి, వేళ్ల మధ్య మోకాళ్ల మీద కూలబడ్డాడు. చేప అతని ఎదుటే ఉంది. వేరుకు ఆనుకుని, మొప్పలు ఎగరేస్తూ ఆయాసపడుతోంది.

అతను రెండు అరచేతులూ కలిపి నీళ్లలోకి దించాడు. మెల్లగా, పసివాడు మేలుకోకుండా వాడి కింద చేతులు పెట్టినట్టుగా. "నేనేరా," అన్నాడు.

చేపకు ఆ మాట తెలియలేదు. ఆ ఉదయం దానికి చెయ్యి అంటే పెదవి చీల్చిన ముల్లు, బిగించి పట్టుకున్న గరుకు వేళ్లు. చేతులు దగ్గరికి రాగానే అది బాణంలా ఎగిరి, అతని భుజం మీదుగా వెనక నీళ్లలో పడి, మొగ వైపు పరుగెత్తింది.

నీటికాకి రెక్కల చప్పుడు తల మీదుగా దాటింది.

సముద్రం వెనక్కి తీసే వేళ అది. కొంగుపాయ నీరంతా మొగ గుండా బయటికి గుంజుకుపోతోంది. విభాకరుడు కొట్టుకువస్తున్న పడవను అందుకుని ఎక్కాడు. కొయ్య ఓలేసు తెడ్డు ఎత్తి అలాగే నిలబడి ఉన్నాడు. పడవ ప్రవాహంలో పడి గుర్రంలా ముందుకు ఉరికింది.

మొగకు అడ్డంగా, ఈ ఒడ్డు నుంచి ఆ ఒడ్డు దాకా ఊరివాళ్లు వల కట్టి ఉన్నారు. పోయే నీటితో పోయే చేపలను ఆపే వల అది. ఒడ్డున దాని తాళ్లు పట్టుకున్న మనుషుల ముందు పోలమ్మ అనే బలమైన ఆడమనిషి నడుం మీద చేతులు పెట్టుకుని నిలబడి ఉంది. ఆ వల ఉన్నంతసేపు తమ్ముడు పాయ దాటి పోడు. విభాకరుడికి ఊపిరి వచ్చింది.

"అదుగో! పసుపు కట్టున్నాది! తల్లి సేపొత్తంది, వలెత్తండ్రోయ్!" పోలమ్మ కేక.

"ఎత్తొద్దు!" విభాకరుడు పడవలోంచి అరిచాడు. "అమ్మా, ఎత్తొద్దు! ఆపండి దాన్ని!"

"ఎవుడ్రా ఆడు? మతి పోనాదా? తల్లి సేపని ఆపుతామేటి?"

"అది చేప కాదమ్మా! నా తమ్ముడు!"

"ఆడి తమ్ముడంట!" ఒడ్డున ఎవరో పకపకా నవ్వారు. "మరి నా మరిది పీతయి పోనాడు, సూసినావేటి?"

వల లేచింది. అందరూ తలలు వంచి చేతులు జోడించారు. పసుపుచుక్క వల కింద నుంచి జారి మహాసముద్రంలోకి వెళ్లిపోయింది. దాని వెనకే వస్తున్న నీటికాకిని చూసి, "సేపల దొంగ! దించండ్రోయ్!" అని పోలమ్మ మళ్లీ అరిచింది. వల పక్షి మీద పడింది. ఆడవాళ్లు కర్రలతో దబదబా బాదారు. వాళ్లు చేసిన తప్పు వాళ్లకు తెలియదు, చేసిన మేలూ తెలియదు. పక్షి గోళ్లకు వల ఒక మూల చీలింది. ఆ మూల నుంచి విభాకరుడు పడవను బయటికి తోశాడు.

కెరటం మొదటిసారి పడవను ఆకాశంలోకి ఎత్తింది, రెండోసారి పాతాళంలో పడేసింది. మూడో కెరటం నెత్తి మీద విరిగింది. కళ్లు తుడుచుకుని చూసేసరికి కెరటాల వరస వెనక ఉంది. ముందంతా ఒడ్డు లేని నీలం. జానెడు చేపకు అక్కడ నాచు లేదు, వేరు లేదు, బండసందు లేదు.

"చారూ!" అని పిలిచాడు. దోసిట్లో లేనివాణ్ణి పిలిస్తే ఏమీ జరగదని తెలిసే పిలిచాడు.

నెత్తి మీద నీడ పడింది. రెక్క చిరిగిన నీటికాకి ఎక్కడో దూరాన నిటారుగా నీళ్లలో పడి, లేచి, పడవ కొన మీద వాలింది. దాని ముక్కున పసుపుదారం వేలాడుతోంది. దారం ముడిలో తోకరెక్క చీలిక ఒకటి ఉంది. చేప లేదు.

పక్షి మనిషయింది. ధూమనేత్రుడు పెదవి మీది నెత్తురు తుడుచుకుని దారాన్ని వేలికి చుట్టుకున్నాడు. "గుర్తు ఊడిపోయింది. ఇక నాకు మిగిలిన గుర్తు నీ ముఖమే." జడలోంచి ఒక వెంట్రుక పీకి విసిరాడు. అది నల్లతాడై విభాకరుడి కుడిచేతిని తెడ్డుగూటానికి కట్టేసింది. గుంజినకొద్దీ ఎముకలోకి దిగుతోంది.

మాంత్రికుడు సంచీలోంచి గుప్పెడు బూడిద తీసి నీళ్ల మీద చల్లాడు. సముద్రం ఉడికినట్టయింది. నాలుగు దిక్కుల నుంచి కొయ్యింగలు వచ్చి పడవ చుట్టూ మూగాయి. వేలకు వేలు. నీరు కనిపించలేదు. వెండిరేకులు పరిచిన కోటలోపలి గచ్చులా ఉంది. ఒక్కొక్కటే పైకి తేలి, పక్కకు తిరిగి, ఎడమ కన్ను చూపించి మునుగుతోంది.

"చూడు," అన్నాడు ధూమనేత్రుడు, అతని ఎదురుగా బాసింపట్టు వేసుకుని కూర్చుంటూ. "మాట్లాడనక్కరలేదు. ఊరికే చూడు."

విభాకరుడు కళ్లు మూసుకున్నాడు.

"ఓహో! ఎంతసేపు? నాకు ఆకలి లేదు, నిద్ర లేదు. నీకు రెండూ ఉన్నాయి."

ఎండ కనురెప్పల మీద ఎర్రగా కాలుతోంది. పడవ చెక్కకు చేపల ఒళ్లు రాసుకుంటున్న చప్పుడు వానలా వినిపిస్తోంది. తెడ్డు వేసి వేసి బొబ్బలెక్కిన ఎడమచెయ్యి బరువుకు తానే జారి, అంచు మీది నుంచి నీళ్లలోకి వేలాడింది. చేపలు దాన్ని తాకి పోతున్నాయి. చల్లగా, జారుతూ, ఒకటి, తరవాత ఇంకొకటి.

అందులో ఒకటి పోలేదు.

అది వచ్చి అతని అరచేతిలో ఆగింది. చెయ్యి కదలలేదు కాబట్టి అదీ బెదరలేదు. మూతి మణికట్టుకు ఆనించి, చిరిగిన తోక మెల్లగా ఆడిస్తూ నిలిచింది. బొటనవేలి కింద, కంటి పైన, పొలుసులు లేని చోట సన్నని గీత తగిలింది.

పక్కనే కుడిచెయ్యి. కట్టేసి ఉంది. రెండు జానల దూరం.

అతను ఊపిరి మార్చలేదు. పళ్లు బిగిస్తే దవడ కదులుతుందని పళ్లు కూడా బిగించలేదు. ముఖాన్ని, చనిపోయినవాడి ముఖాన్ని బంధువులు సర్దినట్టు, లోపలి నుంచి సర్దుకున్నాడు. పేరు గొంతు దాకా వచ్చింది. దాన్ని మింగాడు.

"చెయ్యి నీళ్లలో ఎందుకు పెట్టావు?" మాంత్రికుడి గొంతు దగ్గరగా వినిపించింది.

"బొబ్బలెక్కింది. మండుతోంది."

"బయటికి తియ్యి."

వేలితో నెట్టాడు. చేప కొంచెం జరిగి మళ్లీ వచ్చింది. ఇంకోసారి నెట్టాడు. చిన్నప్పుడు పాఠశాల గుమ్మం దగ్గర వదిలితే అంగరఖా కొస పట్టుకుని వదలనివాడు, ఇప్పుడూ వదలడం లేదు.

"తియ్యమన్నాను."

విభాకరుడు బొటనవేలి గోరు ఆ మచ్చ మీద ఆనించి, చేతనైనంత బలంగా నొక్కాడు.

చేప ఒక్కసారి ఒళ్లంతా గిలగిలలాడి తోకతో అరచేతిని కొట్టింది. తరవాత అరచేతిలో నీళ్లు తప్ప ఏమీ లేవు. మళ్లీ వస్తుందేమోనని ఒక క్షణం ఆగాడు. రాలేదు.

చెయ్యి బయటికి తీసి, కళ్లు తెరవకుండానే వేళ్లు విప్పి ముందుకు చాచాడు.

చల్లని వేలు ఒకటి వచ్చి అతని అరచేతి మధ్య ఆగింది. అక్కడ తడికి అంటుకుని ఉన్న ఒక్క పొలుసును గోటితో మెల్లగా లేపింది. "చేతిలో ఆగని చేప పొలుసు వదలదు యువరాజా," అన్నాడు ధూమనేత్రుడు.